పొట్టు

హయత్‌నగర్ దాటకముందే మూడో గేరు జారింది.
"జారింది" అంటడు పర్వతాలు,
చేతిలకెళ్ళి చేప జారినట్టు,
తప్పంత చేపదే అన్నట్టు.

ఆటోనగర్‌ల జహంగీర్ మిస్త్రీ షెడ్డు.
గోనెపట్టా మీద గేర్‌బాక్సు పరిచిండు,
మెయిన్ షాఫ్టు, లే షాఫ్టు, బేరింగులు, సింక్రో రింగులు
పెండ్లింట్ల గిన్నెలు తోమి బోర్లించినట్టు వరుసగ.
సోహెల్ అనే పోరడు డీజిల్ డబ్బాల ముంచి
ఒక్కో పన్ను బ్రష్షుతోని రుద్దుతుండు.
నేను పాత టైరు మీద కూసున్న.
మా ఇంట్ల స్టీరింగు ఆయనది, లెక్కల పుస్తకం నాది.

మిస్త్రీ చెప్పిన మొదటి లెక్క:
మూడో గేరు, దాని రింగు, ఒక్క బేరింగు,
మజూరీ కలుపుకొని ఇరవై రెండు వేలు.
రేపు పొద్దుగూకేటాల్లకు బండి రోడ్డు మీద.
రెండో లెక్క:
ఎట్లాగు విప్పినం, మొత్తం కొత్తగ కడదాం.
డెబ్బై ఎనిమిది. ఆరు రోజులు.
మూడోది రాణిగంజ్‌కెళ్ళి ఫోన్ల వచ్చింది:
తుక్కు కింద కోసిన బండిది, సెకండ్ హ్యాండ్ బాక్సు, నలభై ఐదు.
ఆ బండి ఎవరిదో, ఏ ఘాట్ల ఆగిందో
వాళ్ళు చెప్పరు, మనం అడగం.

పుస్తకం తెరిచిన.
ఐదో తారీఖు కిస్తీ, ముప్పై ఒక్క వేల నాలుగు వందలు.
తాండూరు నాపరాళ్ళ ట్రిప్పులు నాలుగు చేతిలున్నయి,
ఆరు రోజులు నిలవడితే రెండు పోతయి.
బంగారం మాట ఎవరూ ఎత్తలే.
ఎత్తకముందే నా చెయ్యి చెవిదాక పోయింది.

"చూడమ్మా" అన్నడు మిస్త్రీ.
అరచేతిల నల్ల నూనె, నూనెల మెరుపు.
"ఇది ఇనుము. పళ్ళు అరిగి రాలింది."
వేలుతోని ఇంకింత కలిపిండు.
"ఇదేందో ఎర్కేనా?"
తడి పొట్టు. రంపపు పొట్టు.
"అరుపు వినవడకుంట పోస్తరు.
పది రోజులు నోరు మూసుకుంటది,
అంతల బండి చేతులు మారుతది."

పర్వతాలు మాట్లాడలే.
పోయిన శ్రావణంల, బీబీనగర్ల
సేటు తాళంచెవి చేతిలవెట్టినప్పుడు
"పిల్లి నడిచినట్టున్నది" అన్నడు ఈయన.
బానెట్టుకు పసుపు రాసింది నేను,
టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది నేను.
పిల్లి కాదు,
నోట్లె గుడ్డ కుక్కిన మనిషి.

చాయ్ వచ్చింది.
మిస్త్రీ ఊదుకుంట ఒక్కటే అడిగిండు:
"ఉంచుకుంటరా, అమ్ముకుంటరా?
ఉంచుకునే బండికి ఒక రిపేరు,
అమ్ముకునే బండికి ఇంకొకటి."

నిజం చెప్పాలె.
టైరు మీద కూసున్న గంటసేపట్ల
నా పుస్తకంల నాలుగో లెక్క కూడ నడిచింది.
ఇరవై రెండు వేలు కూడ పెట్టక,
ఇంత మందం ఆయిలు, ఓ దోసెడు పొట్టు.
ఇబ్రహీంపట్నం పిలగాడొకడు రెండుసార్లు వచ్చి అడిగిపోయిండు,
కొత్త హెవీ లైసెన్సు, జేబుల పెట్టుకొని మాటిమాటికి తడుముకుంటడు.
వాని పేరు నాకు తెల్వదు.
తెల్వకపోవుడే మంచిగనిపించింది,
ఒక్క నిమిషం.

సోహెల్ మూడో గేరు తెచ్చి నా ఒళ్ళె పెట్టిండు.
బరువు. డీజిల్ చల్లదనం.
వేలుతోని పళ్ళు లెక్కవెట్టిన.
ఇరవై తొమ్మిది. మూడింటి అంచులు విరిగినయి.
ఆ మూడింటి పని మిగిలినయి పంచుకున్నయి ఇన్ని దినాలు,
కిక్కురుమనకుంట,
కాదు, అన్నయి.
అరుపంటే అదే.

"నువ్వు ఎట్లంటే అట్ల" అన్నడు పర్వతాలు.
లాభమొచ్చిన నాడు ఈ మాట అనడు.

"ముందుగాల ఆ పొట్టు కడుగుండ్రి" అన్న.
"పైసల సంగతి?"
"కడుగుండ్రి."

ఫైనాన్సోనికి నేనే చెప్త, వాడు తిట్టేది నన్నే.
పుస్తకంల "గేర్‌బాక్సు, మొత్తం" అని రాసి
అంకె దగ్గర పెన్ను ఆగింది.
పక్క షెడ్డుల ఎవరిదో బండి స్టార్టయ్యింది.
గేరు పడంగనే సన్నగ మూలిగింది.
నలుగురం ఒక్కసారే తల తిప్పినం.